కుంగిన మనసుకు మాటల వైద్యం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్యకు అడ్డం పడుతున్న ఒక జబ్బు గురించి చెబుతానని అడిగాను, సరేనన్నారు. వారికి కృతజ్ఞతలు.

నేను టీచర్ని, డాక్టర్ని కాను. అయితే టీచరుకు ఒక సౌలభ్యం ఉంది. ఒక పిల్ల వరసగా తల దువ్వుకోకుండా వస్తోందన్నా, హోంవర్క్ చేసే పిల్లాడు మానేశాడన్నా, ఫీజు కట్టినా, పుస్తకాలు ఇచ్చినా హాజరు పడిపోతోందన్నా ఆ ఇంట్లో ఏదో జరుగుతోందని మాకు అందరికంటే ముందు తెలుస్తుంది. ఆరా తీస్తే చాలాసార్లు ఒకటే సంగతి బయటపడుతుంది. వాళ్లమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది. లేదంటే వాళ్లబ్బా పనికి పోవడం మానేసి ఉంటాడు. మన సొసైటీ ఇచ్చిన స్కాలర్‌షిప్పు ఆ ఇంటి గుమ్మం దాకా చేరింది. లోపల దాన్ని అందుకునే చెయ్యి లేవలేదు. అందుకే ఈ విషయం దాతలకు చెప్పాలనుకున్నాను.

ఆ జబ్బు పేరు డిప్రెషన్. తెలుగులో కుంగుబాటు అంటున్నాం. బాధ అందరికీ వస్తుంది, పోతుంది. కుంగుబాటు అలా పోదు. కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ సేపు మనసు బరువుగా ఉండడం, ఇష్టమైన వాటి మీద కూడా ఇష్టం చచ్చిపోవడం దీని ముఖ్య లక్షణాలు. వాటితోపాటు నిద్ర పాడవుతుంది, ఆకలి మారుతుంది, ఒంట్లో సత్తువ ఉండదు, ఏ పని మీదా మనసు నిలవదు, ‘నేను ఎందుకూ పనికిరాను’ అన్న భావన పట్టుకుంటుంది. చివరకు చావు ఆలోచనలు వస్తాయి. మన దగ్గర ఎవరూ ‘నాకు మనసు బాగాలేదు’ అంటూ డాక్టరు దగ్గరికి పోరు. తలనొప్పి అంటారు, గుండెదడ అంటారు, ఒళ్లంతా నొప్పులంటారు, గ్యాస్ అంటారు. మాత్రలు మింగుతుంటారు, జబ్బు లోపలే ఉంటుంది.

బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడ్డారని తేలింది. ఈ హాల్లో 400 మందిమి ఉన్నామనుకుంటే అందులో 20 మంది. జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి ఏ వైద్యమూ అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. ఇవాళ నా మాటంతా ఆ 85 మంది గురించే.

వైద్యం అనగానే మనకు మాత్రలు, కరెంటు షాకు గుర్తొస్తాయి. మాత్రలు మంచివే, చాలామందికి అవసరం కూడా. వాటితోపాటు, కొందరికి వాటి బదులు, మాటలతో చేసే వైద్యాలున్నాయి. వాటిలో ఒకదాని పేరు ఇంటర్‌పర్సనల్ థెరపీ. మనిషికీ మనిషికీ మధ్య ఉండే సంబంధాలను పట్టుకుని చేసే చికిత్స కాబట్టి మనం సంబంధాల చికిత్స అనుకుందాం.

ఇది 1969లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. జెరాల్డ్ క్లెర్మన్ అనే సైకియాట్రిస్టు, మిర్నా వైస్‌మన్ అనే పరిశోధకురాలు, వాళ్ల సహచరులు ఒక ప్రశ్న వేసుకున్నారు. మాత్రలతో కోలుకున్నవారికి మాటల సాయం కూడా తోడైతే ఏం జరుగుతుంది? ఆ పరీక్ష కోసం మాటల సాయాన్ని ఒక పద్ధతిలో పెట్టాల్సి వచ్చింది. జబ్బు మొదలయ్యే ముందు ఆ మనుషుల జీవితాల్లో ఏం జరిగిందో చూశారు. ఎక్కువ మంది విషయంలో ఎవరో చనిపోయి ఉంటారు, ఎవరితోనో పడకుండా పోయి ఉంటుంది, లేదా బతుకు ఒక్కసారిగా మలుపు తిరిగి ఉంటుంది. 150 మంది స్త్రీల మీద చేసిన ఆ పరీక్ష ఫలితాలు 1974లో వచ్చాయి. జబ్బు తిరగబెట్టకుండా మాత్రలు కాపాడాయి. నలుగురితో కలిసి మెలిసి బతకడంలో మాటల చికిత్స బాగు చేసింది. ఆ బాగు కనిపించడానికి కొన్ని నెలలు పట్టింది. 1984లో ఈ పద్ధతి పుస్తకంగా వచ్చింది. 1989లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ 250 మంది రోగులతో చేసిన పెద్ద పరీక్షలో కూడా ఇది నిలబడింది.

ఈ చికిత్స ‘నీ కుంగుబాటుకు నువ్వే కారణం’ అనదు, ‘ఫలానావాళ్లే కారణం’ అని కూడా అనదు. జబ్బుకు ఒంటిలో, వంశంలో, బతుకులో రకరకాల మూలాలుండొచ్చు. మూలం ఏదైనా జబ్బు బయటపడేది సంబంధాల మధ్యనే. సంబంధాలు దెబ్బతింటే మనసు కుంగుతుంది, మనసు కుంగితే సంబంధాలు ఇంకా దెబ్బతింటాయి. ఈ గానుగ తిరుగుడును ఎక్కడో ఒకచోట ఆపాలి. సంబంధాల దగ్గర ఆపడం మన చేతిలో పని. దీనికి నాలుగు గుమ్మాలున్నాయి. మన ఇళ్ల నుంచే చెబుతాను.

మొదటిది మరణ దుఃఖం. ఇంటాయన పోతాడు. మూడు రోజులు ఇల్లు నిండా జనం, వంట కూడా బంధువుల ఇంటి నుంచే వస్తుంది. నలభయ్యో రోజు మళ్లీ ఒకసారి కలుస్తారు. ఇద్దత్ నాలుగు నెలల పది రోజులు గడుస్తాయి. మన పెద్దలు దుఃఖానికి ఒక గడువు, ఒక మర్యాద ఏర్పాటు చేశారు, అది గొప్ప సంగతి. ఆ తర్వాత ఏమవుతుంది? ఆమె ఏడుస్తుందని ఆ ఇంట్లో ఆయన పేరెత్తడం మానేస్తారు. ఆమెకు ఆయన గురించి మాట్లాడాలని ఉంటుంది, వినేవాళ్లుండరు. ఈ చికిత్సలో ఆయన గురించే అడుగుతారు. ఎలాంటి మనిషి, ఏం ఇష్టం, దేనికి కోపం, జబ్బు పడ్డ రోజులు ఎలా గడిచాయి, చివరి రోజు ఏం జరిగింది, చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాట ఏమిటి. మంచితోపాటు ఆయన పెట్టిన కష్టం కూడా చెప్పుకోనిస్తారు. దుఃఖం అంతా బయటికి వచ్చాక ‘ఇప్పుడు నీకు తోడు ఎవరు?’ అన్న ప్రశ్న దగ్గరికి నెమ్మదిగా వస్తారు.

రెండోది తగువు. భార్యాభర్తలు, అత్తాకోడళ్లు, అన్నదమ్ములు, తండ్రీకొడుకులు. ఒకరి నుంచి ఒకరు ఏం ఆశిస్తున్నారో కుదరని చోట పుట్టేది ఇది. ఆ తగువు ఏ దశలో ఉందో ముందు చూస్తారు. ఇంకా మాటలు నడుస్తున్నాయా, మాటలాగిపోయి ఇద్దరూ బిగుసుకుపోయారా, విడిపోయే దాకా వచ్చిందా? దశను బట్టి దారి మారుతుంది.

మూడోది బతుకులో మలుపు. కొత్త కోడలు పుట్టిల్లు వదిలి వస్తుంది. మొదటి కాన్పుతో ఒక అమ్మాయి తల్లవుతుంది. ఉద్యోగి రిటైరవుతాడు. మన కడప, రాయచోటి వైపు ఎంతమంది కువైట్ వెళ్లి వస్తున్నారో మీకు తెలుసు. పదిహేనేళ్లు అక్కడ డ్రైవరుగా చేసి తిరిగొచ్చిన మనిషిని చూడండి. అక్కడ ఉన్నన్నాళ్లు ఇల్లంతా ఆయన ఫోన్ కోసం ఎదురు చూసింది. ఇక్కడికొచ్చాక పిల్లలు ఆయన ఉన్న గదిలోకి రారు. ఇల్లు నడపడం భార్యకు అలవాటైపోయింది, ఆయన ఏం చెప్పినా అడ్డం వచ్చినట్టుంటుంది. ఆయనకు పోయింది జీతం ఒక్కటే అనుకుంటాం. పోయింది ఆయన స్థానం. పాత స్థానం పోయినందుకు బాధపడనివ్వడం, కొత్త స్థానంలో మంచి ఏముందో చూడడం, దానికి కావలసిన నేర్పు సంపాదించడం, ఇవీ ఇక్కడ చేసే పనులు.

నాలుగోది ఒంటరితనం. పిల్లలు హైదరాబాదులో, బెంగుళూరులో, సౌదీలో ఉంటారు. ముసలాయన ఇంట్లో ఒక్కడే. నమాజుకు వెళ్తాడు, సలాం చెబుతాడు, తిరిగొస్తాడు. అంతకు మించి మాట ఉండదు. కొందరికి చిన్నప్పటి నుంచీ మనుషులతో కలవడమే రాదు. వీళ్లకు ఒక్కొక్క మనిషితో ఒక్కొక్క మాట మొదలుపెట్టడం నేర్పాలి.

నాలుగు గుమ్మాల్లో ఒకదాన్నో, మహా అయితే రెండింటినో ఎంచుకుంటారు. అన్నీ ఒకేసారి ముట్టుకోరు. మొదట అమెరికాలో వారానికి ఒకసారి చొప్పున 12 నుంచి 16 వారాలు చేసేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన బృంద పద్ధతిలో 8 వారాలు చాలన్నారు. ముగింపు ఎప్పుడో మొదటి రోజే చెబుతారు. పరీక్ష తేదీ తెలిసిన పిల్లాడు చదువు మొదలుపెట్టినట్టు, గడువు తెలిసిన మనిషి కూడా కదులుతాడు.

మొదటి వారాల్లో మూడు పనులు జరుగుతాయి. ఇది జబ్బు, నీ తప్పు కాదు, సోమరితనం కాదు, నయమవుతుంది అని స్పష్టంగా చెబుతారు. జ్వరం వచ్చినవాళ్లకు ఇచ్చినట్టే కొన్నాళ్లు కొన్ని పనుల నుంచి వెసులుబాటు ఇమ్మని ఇంట్లోవాళ్లకు చెబుతారు. తర్వాత ఆ మనిషి బతుకులో ఉన్నవాళ్లందరి పేర్లు అడిగి, ఎవరు దగ్గర, ఎవరు దూరం, ఎవరితో ఏం కుదరడం లేదో తెలుసుకుంటారు. జబ్బు ఎప్పుడు మొదలైందో, ఆ రోజుల్లో ఏం జరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తారు.

మధ్య వారాల్లో ప్రతిసారీ ఒకటే మొదటి ప్రశ్న: ‘పోయిన వారం మనం కలిసినప్పటి నుంచి ఎలా ఉన్నారు?’ బాగుందంటే ఏ రోజు, ఎవరితో, ఏం జరిగితే బాగుంది? బాగాలేదంటే ఏ రోజు, ఏ మాట దగ్గర? ఇది ఎలా ఉంటుందో ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. భర్త కువైట్‌లో ఉన్నాడు. భార్య ఇక్కడ అత్తగారింట్లో ఉంది.

“గురువారం రాత్రి ఆయన ఫోన్ చేశారు. గొడవైపోయింది.”

“మొదట ఎవరు ఏమన్నారమ్మా?”

“ఎలా ఉన్నావన్నారు.”

“నువ్వేమన్నావు?”

“ఏముంది, ఉన్నాను అన్నాను.”

“అప్పుడు నీ మనసులో ఏముంది?”

“పిల్లోడికి మూడు రోజులుగా జ్వరం ఆపా. ఆసుపత్రికి నేనొక్కదాన్నే తిప్పాను. ఆయనే అడగాలనుకున్నాను.”

“జ్వరం సంగతి ఆయనకు తెలుసా?”

కాసేపు మౌనం. “నేను చెప్పలేదు.”

చూడండి, ఎవరూ ఆమెకు ఉపదేశం చేయలేదు, సబర్ చేయమనలేదు, ఆయన తప్పని కూడా అనలేదు. ఎక్కడ మాట తెగిందో ఆమెకే కనిపించింది. తర్వాత ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. వచ్చే ఫోన్‌లో ఏం చెప్పాలి? “పిల్లోడికి జ్వరం తగ్గలేదండీ, నాకు భయంగా ఉంది, రేపు మీ తమ్ముణ్ణి నాతోపాటు ఆసుపత్రికి రమ్మనండి” అని నోటితో అనిపిస్తారు. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. ఆపా భర్తగా నటిస్తుంది, ఆమె ఆమెగానే మాట్లాడుతుంది. ఫోన్ ఎప్పుడు చేయాలి, ఇషా నమాజు తర్వాతనా, ఆయన డ్యూటీ దిగాకనా అన్నది కూడా అనుకుంటారు. తరగతిలో మేం పిల్లలచేత సంభాషణ పాఠం చేయించినట్టే. రాని మాట సాధనతో వస్తుంది, ఆశించినట్టు జరగకపోతే వచ్చే వారం మళ్లీ దాన్నే చూస్తారు.

చివరి వారాల్లో వీడ్కోలుకు సిద్ధం చేస్తారు. జబ్బు మళ్లీ వస్తే మొదట కనిపించే గుర్తులేమిటి, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఈసారి తనంతట తాను ఏం చేసుకోగలిగింది, ఇవి ఆ మనిషి నోటితోనే చెప్పిస్తారు.

‘ఇదంతా బాగుంది టీచరమ్మా, చేసేది ఎవరు? ఊరికో సైకాలజిస్టును ఎక్కడి నుంచి తెస్తాం?’ అని మీలో కొందరు అనుకుంటుంటారు. దానికి జవాబు ఆఫ్రికాలో దొరికింది.

ఉగాండా దేశం నైరుతి దిక్కున మసాకా, రకాయి జిల్లాలున్నాయి. ఎయిడ్స్ ఆ పల్లెలను ఊడ్చేసింది. ఇంటింటా చావు. డిప్రెషన్ అనే మాట అక్కడి భాషలో లేదు. పరిశోధకులు ముందు ఊరివాళ్లనే అడిగారు. తనను తాను అసహ్యించుకునే జబ్బు ఒకటి, తన మీద తనకే జాలి పుట్టే జబ్బు ఒకటి ఉన్నాయని, వాటికి తమ భాషలో పేర్లున్నాయని వాళ్లు చెప్పారు. 30 పల్లెలు తీసుకుని, 15 పల్లెల్లో సంబంధాల చికిత్సను గుంపులుగా చేశారు. ఆడవాళ్లకు వేరు గుంపులు, మగవాళ్లకు వేరు. వారానికోసారి గంటన్నర చొప్పున 16 వారాలు. నడిపినవాళ్లు డాక్టర్లు కారు. హైస్కూలు చదువు ఉన్న స్థానికులు, రెండు వారాల శిక్షణ పొందినవాళ్లు. ఫలితాలు 2003లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. చికిత్స జరిగిన పల్లెల్లో మొదట నూటికి 86 మందికి తీవ్రమైన కుంగుబాటు ఉండగా చివరకు 6.5 మందికి మిగిలింది. చికిత్స లేని పల్లెల్లో 94 నుంచి సుమారు 55కు తగ్గింది. కాలం కూడా కొంత నయం చేస్తుందన్న మాట నిజమే. కానీ కాలం ఒక్కటే చేసినదానికీ, కాలంతోపాటు మనుషులు కలిసి చేసినదానికీ ఉన్న తేడా ఈ రెండు లెక్కల మధ్య ఉంది.

మన దగ్గర్లోని సంగతి చూద్దాం. గోవాలో స్థానిక యువతులకు రెండు నెలల శిక్షణ ఇచ్చి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, ప్రైవేటు క్లినిక్కుల్లో కౌన్సెలర్లుగా పెట్టారు. వాళ్లు వాడిన పద్ధతుల్లో సంబంధాల చికిత్స ఒకటి. అవసరమైనవాళ్లకు డాక్టరు మాత్రలిచ్చారు, పైన సైకియాట్రిస్టు ఉన్నారు. 2010లో ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వ కేంద్రాల్లో ఆరు నెలలకు నూటికి 66 మంది కోలుకున్నారు. ఈ ఏర్పాటు లేని ప్రభుత్వ కేంద్రాల్లో కోలుకున్నది 42 మంది. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేదవాళ్లు వెళ్లే చోటనే ఈ సాయం ఎక్కువ పనిచేసిందని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది.

పాకిస్తాన్‌లోని రావల్పిండి జిల్లా పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు కూడా ఇలాంటి ప్రయత్నమే జరిగింది. పద్ధతి వేరు, ఆలోచనల తీరును మార్చే చికిత్స అది. చేసినవాళ్లు మాత్రం మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లు. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు ఆ తల్లుల్లో నూటికి 23 మందికి కుంగుబాటు మిగిలింది. చికిత్స అందని తల్లుల్లో 53 మందికి మిగిలింది. మన ఇళ్లలాంటి ఇళ్లు, మన అత్తగార్లలాంటి అత్తగార్లు ఉన్న చోట జరిగిన పని ఇది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మనలో కుంగిపోయినవాళ్లను ‘ఈమాన్ తక్కువైంది’ అంటారు, ‘షైతాన్ వస్‌వసా’ అంటారు, ‘ఏదో పట్టింది’ అంటారు. అసలే తనను తాను నిందించుకుంటున్న మనిషి మీద ఇంకో బండ వేసినట్టవుతుంది. యూసుఫ్ అలైహిస్సలాం కోసం ఏడ్చి ఏడ్చి యాఖూబ్ అలైహిస్సలాం కంటి చూపు పోగొట్టుకున్నారు. ఆయన ఈమాన్‌ను ఎవరైనా శంకించారా? ఖదీజా రజియల్లాహు అన్హా, అబూ తాలిబ్ పోయిన సంవత్సరానికి మన చరిత్రలో దుఃఖ సంవత్సరం అనే పేరే ఉంది. దుఃఖానికి పేరు పెట్టి గుర్తుంచుకున్న సమాజం మనది.

వైద్యం కూడా మనకు కొత్త కాదు. బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ 934లో చనిపోయారు. ఒంటికీ మనసుకూ కలిపి ఆరోగ్య గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరు అని ఆనాడే విడదీశారు. మొదటిదానికి మంచి మాటల సాయం, రెండోదానికి ఒంటి వైద్యం కూడా కావాలన్నారు. 1154లో దమాస్కస్‌లో, 1284లో కైరోలో కట్టిన పెద్ద ఆసుపత్రులు వక్ఫ్ సొమ్ముతో నడిచాయి. కైరో ఆసుపత్రిలో మనసు జబ్బువాళ్లకు విడిగా వార్డులుండేవి. అంటే దాతల సొమ్ము మనసు జబ్బుకు ఖర్చుపెట్టడం ఏడు వందల ఏళ్ల నాటి అలవాటు.

ఆ అలవాటు తప్పినప్పుడు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చినవాళ్లను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రమంలో నిప్పు అంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడం వల్ల పారిపోలేక 28 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లను అక్కడ వదిలినవాళ్లు శత్రువులు కారు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు, అన్నదమ్ములు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రోగినీ గొలుసులతో కట్టకూడదని స్పష్టంగా చెప్పింది. గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర ‘దవా-దువా’ పేరుతో ఒక మంచి ఏర్పాటు నడిచింది. ముజావర్లు దువా చేస్తారు, అక్కడే ఉన్న డాక్టరు దగ్గరికి పంపిస్తారు. దువా మానమని ఎవరూ అనలేదు, దవా మానవద్దన్నారు.

ఈ మాటల చికిత్సకు హద్దులున్నాయి. లేని గొంతులు వినిపించేవాళ్లు, ఒకసారి కుంగిపోయి మరోసారి హద్దులేని హుషారుతో ఊగేవాళ్లు, తిండి నీళ్లు మానేసినవాళ్లు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి. థైరాయిడ్ లోపం, రక్తహీనత కూడా కుంగుబాటులాగే కనిపిస్తాయి కాబట్టి రక్త పరీక్షలు ముందు చేయించాలి. వాడుతున్న మాత్రలను ఎవరో చెప్పారని ఆపకూడదు. దెబ్బలు తినే ఆడమనిషికి ‘సర్దుకుపో’ అని నేర్పడం చికిత్స కాదు. ఆమెకు ముందు రక్షణ కావాలి, దానికి 181 నంబరుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడగడానికి భయపడకండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, ఉన్న ఆలోచన బయటికి వస్తుంది. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును దయచేసి ఇప్పుడే ఫోన్లలో రాసుకోండి.

ఇక దాతలను నేను అడిగేది చెబుతాను. మన సొసైటీ ఆఫీసులో ఒక గది కావాలి, తలుపు వేసుకునే గది. చదువుకున్న ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు కావాలి. ఓపిగ్గా వినేవాళ్లు, కడుపులో మాట దాచుకోగలవాళ్లు. వాళ్లకు సరైన చోట శిక్షణ ఇప్పించాలి, నెలనెలా గౌరవ వేతనం ఇవ్వాలి. శిక్షణతో పని అయిపోదు. ఉగాండాలోనైనా గోవాలోనైనా వెనక అనుభవజ్ఞులు ఉండి ఎప్పటికప్పుడు సరిదిద్దారు. కాబట్టి జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగంతో మాట్లాడుకుని, క్రమం తప్పకుండా ఒక డాక్టరు వీళ్ల పని చూసేలా ఏర్పాటు కావాలి. ఎనిమిదేసి మందికి ఒక గుంపు, ఎనిమిది వారాలు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆటో ఛార్జీలు, వచ్చినవాళ్లకు టీ. ఈ ఖర్చు జకాత్ నుంచి పెట్టొచ్చా, సదకా నుంచి పెట్టాలా అన్నది ఉలమాలు చెప్పాలి, నేను చెప్పగూడదు.

ఇంకొకటి అడుగుతాను, ఇది డబ్బు కంటే కష్టం. మనం రేషన్ కిట్లు పంచినప్పుడు, కుట్టుమిషన్లు ఇచ్చినప్పుడు ఫోటోలు తీసి ఈ సావనీరులో వేస్తాం. దాతకు తృప్తి, సొసైటీకి సాక్ష్యం. ఈ పనికి ఫోటో ఉండదు, పేరు ఉండదు. ఆ గదిలోకి ఎవరు వెళ్లారో అధ్యక్షులవారు కూడా అడగకూడదు. మన ఊళ్లో పెళ్లి సంబంధం చెడిపోవడానికి ఒక్క మాట చాలు. ‘ఫలానా వాళ్లమ్మాయి మనసు డాక్టరు దగ్గరికి పోతోందట’ అన్న మాట బయటికొస్తే ఆ గది తలుపు మళ్లీ ఎవరూ తట్టరు.

మరి లెక్క ఎలా చూపించాలి? దానికి దారి ఉంది. తొమ్మిది ప్రశ్నల ఒక కాగితం ఉంది, పి.హెచ్.క్యు-9 అంటారు. గడచిన రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, మనసు ఎలా ఉంది అని అడుగుతుంది. సున్నా నుంచి 27 వరకు మార్కులు. ఎన్ని మార్కులు తగ్గితే అంత మేలు, మా బడి లెక్కకు తిరకాసు. మొదటి వారం సగటు ఎంత, ఎనిమిదో వారం ఎంత అన్న రెండు అంకెలు, ఎంతమంది మధ్యలో మానేశారన్న మూడో అంకె వచ్చే సంవత్సరం సావనీరులో వేయండి. పేర్లు లేని లెక్క అది. చాలకపోతే చాలలేదనే రాయండి.

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకుండా ఇచ్చేవాళ్లు మన పెద్దల్లో ఎందరో ఉండేవారు. మీలోనూ ఉన్నారని నాకు తెలుసు, అందుకే ఇంత ధైర్యంగా అడిగాను. మీరిచ్చే స్కాలర్‌షిప్పులు, పింఛన్లు ఆగకూడదు. వాటిని అందుకునే చెయ్యి లేవడానికి ఈ గది కూడా ఉండాలి. ఈ సమావేశం ముగిశాక కార్యదర్శిగారి బల్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. డబ్బు ఇవ్వదలచినవాళ్లు ఒక పేజీలో రాయండి. శిక్షణకు కూర్చోదలచినవాళ్లు, ముఖ్యంగా డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న మన అమ్మాయిలు, రెండో పేజీలో రాయండి. నాకైతే ఆ రెండో పేజీ నిండాలని ఎక్కువ ఆశగా ఉంది.

 అల్లాహ్ మన ఇళ్లలో సుకూన్ ప్రసాదించుగాక. వస్సలాం.